మొదటిసారి మీటింగ్‌కి వెళ్దామనుకుంటున్నాను, లోపల ఏం జరుగుతుందో చెప్పగలరా?

లెక్కల టీచర్

నమస్తే అండి. సూటిగానే అడుగుతాను. నేను రోజూ తాగుతాను. రాత్రి పిల్లల నోటుపుస్తకాలు దిద్దడానికి కూర్చున్నప్పుడు మొదలవుతుంది, దిద్దడం అయిపోయినా ఆగదు. ఒక్కదాన్నే కూర్చుని తాగుతాను. ఇంట్లోవాళ్ళకు అనుమానం ఉంది గానీ ఎవరూ నోరు తెరిచి అడగలేదు. చెల్లెలికి మాత్రం తెలుసు. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు సాయపడే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ (ఏఏ) మీటింగ్‌లకు వెళ్ళమని పోరుతున్నది తనే.

ఈ మధ్య పొద్దున మొదటి పీరియడ్‌లో బోర్డు మీద వృత్తం గీస్తుంటే చెయ్యి వణుకుతోంది. సుద్దముక్క ఎంత గట్టిగా పట్టుకున్నా గీత వంకర పోతోంది. సాయంత్రం ఇంటికొచ్చి కొంచెం తాగితే వణుకు ఆగిపోతుంది. నిన్న ముందు బెంచీ అమ్మాయి "టీచర్, మీకు జ్వరమా?" అని అడిగింది. అందుకే ఇది రాస్తున్నాను.

నా సందేహాలు ఇవి. అక్కడ పేరు, ఉద్యోగం, చిరునామా రాయించుకుంటారా? లేచి నిలబడి మాట్లాడాలా? మానడానికి వాళ్ళు పాటించే పన్నెండు మెట్లు చదివాను, దేవుడి మాట చాలాసార్లు వచ్చింది. నాకు నమ్మకం లేదు, ఉన్నట్టు నటించడం నా వల్ల కాదు. అందరూ మగవాళ్ళే ఉంటారేమో అని ఒక బెంగ. అన్నిటికన్నా పెద్ద భయం, మా స్కూలు పిల్లల తల్లో తండ్రో అక్కడ ఎదురైతే నా పరిస్థితి ఏమిటని.

ఎల్లుండి నుంచి పూర్తిగా మానేసి, ఒక వారం నిలబడ్డాక వెళ్దామని అనుకుంటున్నాను. తాగుతూనే వెళ్తే బాగుండదు కదా?

రాత్రి డ్యూటీ

టీచర్ గారూ, మిగతా ప్రశ్నలకు తెలిసినవాళ్ళు చెప్తారు. నేను డీ-అడిక్షన్ వార్డులో నర్సుని. మీ చివరి పేరా చదివి, ఉన్నపళంగా రాస్తున్నాను. దయచేసి ఎల్లుండి ఇంట్లో మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకండి. ముందు డాక్టరుకు చూపించుకోండి.

పొద్దున చెయ్యి వణకడం, తాగగానే ఆగిపోవడం అంటే శరీరం తాగుడుకు అలవాటు పడిపోయిందని గుర్తు. రోజూ తాగే మనిషి హఠాత్తుగా ఆపితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, వికారం, ఆందోళన మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. ఇంకొందరికి రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మనిషి అయోమయంలో పడిపోవడం, లేనివి కనిపించడం, జ్వరం, గుండెదడ ఉంటాయి. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, ప్రాణం మీదికి తెస్తుంది. అందరికీ ఇలా జరుగుతుందని కాదు. ఎవరికి జరుగుతుందో ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం, అదీ సంగతి.

వైద్యం కష్టమైనదేమీ కాదు. వణుకును, ఫిట్స్‌ను ఆపే మందులు మొదట ఎక్కువగా మొదలుపెట్టి కొన్ని రోజుల్లో తగ్గించుకుంటూ వస్తారు. విటమిన్ బి1 ఇస్తారు. బాగా తాగేవాళ్ళలో అది తక్కువైపోతుంది, మరీ పడిపోతే మెదడు దెబ్బతింటుంది. కొందరికి మందులు ఇంట్లోనే వాడుకుంటే చాలు, కొందరు వార్డులో ఉండాలి. అది డాక్టరు మిమ్మల్ని చూసి చెప్పాల్సిన మాట. ఎంత తాగుతున్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సగం దాచి చెప్తే మందు మోతాదు కూడా సగమే పడుతుంది. ఇదివరకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి. చెల్లెల్ని వెంట తీసుకెళ్ళండి. ఈలోగా ఎప్పుడైనా ఫిట్స్ గానీ, మతి తప్పినట్టు గానీ ఉంటే ఆలోచించకుండా ఎమర్జెన్సీకి.

వెనక వరస కుర్చీ

టీచర్ గారూ, సిస్టర్ చెప్పింది ముందు చేయండి. అది అయ్యాకే మీటింగ్ అని మాత్రం ఆగొద్దు, రెండూ ఒకే వారంలో జరగొచ్చు. మందులు ఇవ్వడం మీటింగ్ పని కాదు. మీటింగ్‌కి వస్తున్నాం కదా అని డాక్టరు ఇచ్చిన మందులు ఆపమని చెప్పే హక్కు కూడా మాలో ఎవరికీ లేదు. ఎవరైనా అలా అంటే వినకండి.

మానేసి శుభ్రంగా వెళ్దామన్నారు. ఈ ఒక్క విషయంలో మీ ఆలోచన మార్చాలని నా తాపత్రయం. ఏఏ ఎలా పుట్టిందో చెప్తాను, మీకే అర్థమవుతుంది. 1935లో న్యూయార్క్ నుంచి ఒక స్టాక్ బ్రోకరు పని మీద ఏక్రన్ అనే ఊరు వెళ్ళాడు. తాగుడు మానేసి అప్పటికి కొన్ని నెలలే. వెళ్ళిన పని బెడిసికొట్టింది, హోటల్లో ఒంటరిగా ఉన్నాడు, పక్కనే బార్. ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప ఆ పూట గడవదని తోచి, చర్చిలకు ఫోన్లు చేసి అలాంటి మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. అలా దొరికినవాడు ఒక సర్జను, అప్పటికింకా తాగుతున్నవాడు. బోధించడానికి కాదు, తనను తాను కాపాడుకోవడానికే బ్రోకరు అతని దగ్గరికి వెళ్ళాడు. ఆ ఇద్దర్నీ మేం ఈనాటికీ బిల్ డబ్ల్యూ., డాక్టర్ బాబ్ అనే పిలుచుకుంటాం. అంటే మొదటి రోజు నుంచీ ఇది ఇంకా తాగుతున్న మనిషి కోసం ఎదురుచూసే చోటు. మీరు వస్తే మేం మీకు మేలు చేస్తున్నట్టు కాదు, మీరు మాకు చేస్తున్నట్టు. ఈ మాట మర్యాదకు అనడం లేదు. చాలా ఏళ్ళు అయిపోయినవాళ్ళం మొదటి రోజులు ఎలా ఉండేవో మర్చిపోతాం. కొత్తగా వచ్చిన మనిషి చేతుల వణుకు చూస్తేనే మాకు గుర్తొస్తుంది.

సభ్యత్వానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. గ్రూపులు ఎలా నడవాలో చెప్పే మా సంప్రదాయాల్లో మూడోది అదే చెప్తుంది. మానేసి ఉండాలని ఎక్కడా లేదు. ఆ రోజు తాగి ఉంటే కూడా వచ్చి కూర్చోవచ్చు. చాలా గ్రూపుల్లో ఆ రోజుకి మాట్లాడకుండా వినమంటారు, అంతే.

రిజిస్టర్ ఉండదు. చిరునామా, ఉద్యోగం ఎవరూ అడగరు. మీరు ఏ పేరు చెప్తే ఆ పేరే. ఫీజు లేదు. చివర్లో ఒక సంచి తిరుగుతుంది, హాలు అద్దెకీ పుస్తకాలకీ సభ్యులు తోచినంత వేస్తారు. బయటివాళ్ళ విరాళాలు ఏఏ తీసుకోదు. కొత్తగా వచ్చినవాళ్ళు వేయనక్కర్లేదు, సంచి పక్కవాళ్ళకు అందించేయండి.

మీటింగ్ గంట, మహా అయితే గంటన్నర. నడిపే వ్యక్తి మొదట నాలుగు మాటలు చదువుతారు, పన్నెండు మెట్లు చదివిస్తారు. తర్వాత ఒకరు తమ కథ చెప్పడమో, పుస్తకంలో ఒక పేజీ చదివి దాని మీద మాట్లాడుకోవడమో ఉంటుంది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రారు, తప్పొప్పులు ఎంచరు, సలహాలు ఇవ్వరు. మీ వంతు వస్తే "ఈ రోజు వింటానండి" అనండి. తర్వాతి మనిషి మొదలుపెట్టేస్తారు. చాలా కాలం వినడంతోనే సరిపెట్టుకుని, ఈ రోజు మా గ్రూపును నడిపిస్తున్నవాళ్ళు ఉన్నారు.

తల్లిదండ్రులు ఎదురవడం గురించి. మీటింగ్‌లు రెండు రకాలు. ఓపెన్ మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు: కుటుంబ సభ్యులు, విద్యార్థులు, ఊరికే తెలుసుకుందామని వచ్చేవాళ్ళు. క్లోజ్డ్ మీటింగ్‌కి తాగుడు సమస్య ఉండి మానాలనుకునేవాళ్ళే రావాలి. మీ భయానికి క్లోజ్డ్ మీటింగే నయం. అక్కడ మీకు ఎదురైన మనిషి కూడా తన గుట్టు మీ చేతిలో పెట్టినట్టే. ఇది చట్టం కాదు, నమ్మకం. పూచీకత్తు ఇవ్వమంటే ఇవ్వలేను గానీ, ఇంతమంది ఇన్నేళ్ళుగా కూర్చుంటున్నది ఆ నమ్మకం మీదే. ఇంకా బెదురుగా ఉంటే మీ ఇంటికి దూరంగా ఉండే గ్రూపు చూసుకోండి, లేదా ఆన్‌లైన్ మీటింగ్‌తో మొదలుపెట్టండి. కెమెరా ఆపేసి, స్క్రీన్ మీద పేరు మార్చుకుని వినొచ్చు. లింకు నొక్కే ముందే పేరు మార్చండి, చాలామంది ఫోన్లలో అసలు పేరు దానంతటదే వచ్చేస్తుంది.

వెతకడం తేలికే. ఏఏ వారి వెబ్‌సైట్‌లో మీ దేశం ఎంచుకుంటే అక్కడి ఆఫీసు నంబర్లు, మీటింగ్‌ల పట్టిక వస్తాయి. మీటింగ్ గైడ్ అని వాళ్ళదే ఒక యాప్ ఉంది, దగ్గర్లో ఏ రోజు ఏ వేళకు ఉందో చూపిస్తుంది, కాకపోతే అన్ని దేశాల పట్టికలూ అందులో ఉండవు. వెళ్ళే ముందు ఒకసారి ఫోన్ చేయండి. హాళ్ళు మారిపోతుంటాయి, పట్టికలో పాత చిరునామాయే ఉండిపోతుంది. తాళం వేసిన తలుపు చూసి వెనుదిరిగిన మనిషి మళ్ళీ బయల్దేరడం కష్టం. ఫోన్ ఎత్తేది కూడా మాలాంటివాళ్ళే, "మొదటిసారి వస్తున్నాను" అంటే తలుపు దగ్గర ఒకరిని నిలబెడతారు.

దేవుడి సంగతి. మూడో మెట్టులో "మనం అర్థం చేసుకున్న విధంగా" అని ఒక మాట ఉంది, అది కావాలనే పెట్టింది. గ్రూపునే తమకన్నా పెద్ద శక్తిగా అనుకుని నడిచే నాస్తికులు నాకు తెలుసు. నమ్మకం లేనివాళ్ళు నడుపుకునే ఏఏ మీటింగ్‌లు కూడా ఉన్నాయి. ప్రార్థన దగ్గర ఊరికే నిలబడండి, పెదవులు కదపమని ఎవరూ చూడరు. మీరు నటించక్కర్లేదు.

మీటింగ్‌లో దొరికే అసలు సాయం మీటింగ్‌కి ముందు పది నిమిషాల్లో, తర్వాత పది నిమిషాల్లో ఉంటుందని నా అభిప్రాయం. అయిపోగానే జారుకోకండి. ఒక కరపత్రం వెనక నాలుగైదు ఫోన్ నంబర్లు రాసి ఇస్తారు. వాటిలో ఒకదానికి మర్నాడే, తాగాలని అనిపించనప్పుడే ఫోన్ చేయండి. "నిన్న వచ్చిన టీచర్ని, ఊరికే చేశాను" అంటే చాలు. తాగాలనిపించిన రాత్రి ముక్కూమొహం తెలియని మనిషికి ఫోన్ చేయడం ఎవరి వల్లా కాదు. ముందే రెండుసార్లు మాట్లాడి ఉంటే చెయ్యి దానంతటదే ఆ నంబరు నొక్కుతుంది. కుదిరితే కాస్త ముందొచ్చి కుర్చీలు వేయడంలో సాయం పట్టండి. మొదటి రోజుల్లో ఊరికే నిలబడి మాటలు కలపడం కన్నా చేతికి పని ఉండటం ఎంతో సుఖం.

మొదటి గ్రూపు నచ్చకపోతే ఏఏ నచ్చలేదని తేల్చేయకండి. ఒక్కో గ్రూపు ఒక్కో తీరు. నాలుగైదు రకాలు చూశాక అప్పుడు చెప్పండి.

రెండో దారి

వెనక వరస గారు చెప్పినవాటితో నాకు తగాదా లేదు, కానీ టీచర్ గారికి ఇంకో దారి ఉందని తెలియాలి. నేను ఏఏకి కొంతకాలం వెళ్ళాను. "నేను ఆల్కహాలిక్‌ని" అని ప్రతిసారీ చెప్పుకోవడం నాకు పడలేదు. కొందరికి ఆ మాటే బలం, నాకు బరువైంది. తర్వాత స్మార్ట్ రికవరీ అనే ఇంకో సంస్థ మీటింగ్‌లకు మారాను. 1994లో మొదలైంది. మెట్లు లేవు, దేవుడి ప్రసక్తి లేదు, స్పాన్సర్, అంటే కొత్తవాళ్ళకు తోడుండి మెట్లు నడిపించే పాత సభ్యులు, ఉండరు. శిక్షణ పొందిన మనిషి ఒకరు నడుపుతారు. ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకునే మానసిక వైద్య పద్ధతుల మీద నడుస్తుంది. అక్కడ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవచ్చు, ప్రశ్నలు వేసుకోవచ్చు.

మీరు లెక్కల మనిషి కాబట్టి ఒకటి చెప్తాను. అక్కడ మొదట్లోనే ఒక కాగితాన్ని నాలుగు గళ్ళు చేయిస్తారు. తాగితే వచ్చే లాభం, నష్టం, మానితే వచ్చే లాభం, నష్టం. లాభాల గడిని ఖాళీగా వదలనివ్వరు. నేను "నిద్ర పడుతుంది", "అమ్మ పోయిన రోజు గుర్తురాదు" అని రాశాను. అవి రాశాకే నాకు దేనికి వేరే దారి వెతుక్కోవాలో తెలిసింది. ఆ తర్వాత ఒక్కో దాని పక్కన ఇది కాసేపటికా, ఎప్పటికీనా అని రాయిస్తారు. లాభాల గడిలో అన్నీ కాసేపటివే తేలాయి. ఈ కాగితం మీరు ఈ రాత్రే వేసుకోవచ్చు.

ఆన్‌లైన్ మీటింగ్‌లు చాలా ఉన్నాయి. తెలుగులో నాకైతే దొరకలేదు, ఇంగ్లీషులోనే వెళ్తున్నాను.

రాత్రి డ్యూటీ

ఏది మంచిదని వార్డులో కూడా రోజూ అడుగుతారు. 2020లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మందిని కలిపి చూసింది. పద్ధతి ప్రకారం పన్నెండు మెట్ల వైపు నడిపించిన చికిత్స తీసుకున్నవాళ్ళలో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవాళ్ళు 42 శాతం, ఇతర చికిత్సల్లో 35 శాతం. తేడా ఉంది. కానీ రెండో గుంపులోని ఆ 35 శాతం మంది కూడా బాగుపడ్డవాళ్ళే కదా. మీరు మళ్ళీ మళ్ళీ వెళ్ళగలిగేదే మీకు మంచిది. రెండిటికీ వెళ్ళేవాళ్ళూ ఉన్నారు, ఎవరూ వద్దనరు.

ఇంకొకటి. తాగాలనే తపన తగ్గించే మందులు, నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి ఉన్నాయి. డాక్టర్ని అడగండి. డైసల్ఫిరామ్ వేరే రకం. అది వేసుకుని తాగితే ఒళ్ళు ఎర్రబడి వాంతులు, బీపీ పడిపోవడం జరుగుతాయి. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మందు. ఇంట్లోవాళ్ళు తెలియకుండా తినే దాంట్లో కలిపిన కేసులు చూశాను. ఎవరూ ఆ పని చేయకండి.

మూడింటి బస్సు

టీచర్ గారూ, నేనూ ఆడదాన్నే కాబట్టి ఆ ఒక్క ప్రశ్నకి నేను చెప్తాను. అవును, చాలా గ్రూపుల్లో మగవాళ్ళే ఎక్కువ. నేను మొదట వెళ్ళిన చోట నేనొక్కదాన్నే. వాళ్ళు మర్యాదగానే ఉన్నారు, అయినా కొన్ని సంగతులు వాళ్ళ ముందు నోటికి రావు. పిల్లాడికి పాలిచ్చే రోజుల్లో తాగిన సంగతి నేను మొదటిసారి చెప్పింది ఆడవాళ్ళ మీటింగ్‌లోనే. నలుగురైదుగురం ఉన్నాం. ఎవరూ "అయ్యో" అనలేదు. చివర కూర్చున్న పెద్దావిడ "నేనూ" అంది. ఆడవాళ్ళకు మాత్రమే అని రాసి ఉన్నవి వెతకండి, ఆన్‌లైన్‌లో తేలికగా దొరుకుతాయి.

ఫోన్ నంబర్లు ఆడవాళ్ళవే తీసుకోండి. స్పాన్సర్‌గా కూడా ఆడమనిషినే పెట్టుకోవాలన్నది అక్కడ మామూలు పద్ధతి, మంచి పద్ధతి. అరుదుగానైనా, కొత్తగా వచ్చి బెదురుతో ఉన్న ఆడవాళ్ళతో చనువు పెంచుకోవాలని చూసే మగవాళ్ళు తగులుతారు. తగిలితే మొహమాటపడకండి, "నేను ఆడవాళ్ళతోనే మాట్లాడతాను" అనేయండి, మీటింగ్ నడిపేవారికి చెప్పండి. ఆ గ్రూపు పట్టించుకోకపోతే ఇంకో గ్రూపు చూసుకోండి. ఒక్కడి వల్ల మీ దారి మానుకోవద్దు.

మీ చెల్లెలికి అల్-అనాన్ గురించి చెప్పండి. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం 1951 నుంచీ ఉంది. మిమ్మల్ని ఎలా మార్చాలో కాదు, తను ఎలా నిలబడాలో అక్కడ మాట్లాడుకుంటారు. ఇన్నాళ్ళూ మీ గుట్టు ఒక్కతే మోసింది కదా.

లెక్కల టీచర్

అందరికీ నమస్కారాలు. సిస్టర్ గారూ, చెల్లెలితో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎంత తాగుతానో చెప్తుంటే చెల్లెలు నా వైపు చూసింది, తనకీ అంతని తెలియదు. మందులు రాశారు, సెలవు పెట్టమన్నారు, చెల్లెలు మా ఇంట్లోనే ఉంది. ఆ మందులు తగ్గిస్తూ ఎప్పటికి ఆపాలో కాగితం మీద రాసిచ్చారు.

ఆడవాళ్ళ ఆన్‌లైన్ మీటింగ్‌లో కూర్చున్నాను. నేను పుస్తకాలు దిద్దే వేళకే ఉన్నది చూసి ఎంచుకున్నాను. ఒకావిడ ఖాళీ సీసాలు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని, ఆఫీసుకి వెళ్ళే దారిలో వేరే వీధి చెత్తకుండీలో వేసేదట, ఒక్కో రోజు ఒక్కో వీధిలో. చెప్తూ ఆ వీధుల వరస కూడా చెప్పింది. నేను మా స్కూలు దారిలో సరిగ్గా అలాగే చేస్తాను. ఈ పని చేసేది లోకంలో నేనొక్కదాన్నే అనుకున్నాను. నా వంతు వచ్చినప్పుడు "వింటాను" అనడానికి మైక్ నొక్కాను, కానీ "నేనూ బ్యాగులోనే పెడతాను" అని నోటి నుంచి వచ్చేసింది. అంతకు మించి మాట్లాడలేకపోయాను.

రెండు సందేహాలు మిగిలాయి. మీటింగ్ అయ్యాక ఒకావిడ మెసేజ్ పెట్టి, నాకు స్పాన్సర్‌గా ఉంటానంది. వెంటనే ఒప్పుకోవాలా? మళ్ళీ తాగేస్తే ఆ గ్రూపుకి మొహం ఎలా చూపించాలి?

మూడింటి బస్సు

ఆ "నేనూ" చాలు టీచర్ గారూ, ఎంత సంతోషంగా ఉందో. స్పాన్సర్ విషయంలో తొందరేం లేదు. "కొన్ని మీటింగ్‌లు చూశాక చెప్తాను, ఈలోగా ఫోన్ చేయవచ్చా?" అని అడగండి. మంచి మనిషైతే నొచ్చుకోదు. తాత్కాలిక స్పాన్సర్ అని కూడా ఉంటారు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఆవిడ ఎన్నాళ్ళుగా మానేసి ఉంది, మెట్లు తను పూర్తిచేసిందా, తనకి స్పాన్సర్ ఉందా, ఈ మూడూ అడగండి. మందులు మానేయమంటే మాత్రం వద్దనేయండి.

వెనక వరస కుర్చీ

మళ్ళీ తాగేస్తే మర్నాడు మీటింగ్‌కే రండి. "మళ్ళీ మొదటి రోజు" అని చెప్పండి, చెప్పలేకపోతే ఊరికే కూర్చోండి. నిలదీసేవాళ్ళు ఉండరు. చాలామంది అక్కడే ఆగిపోతారు, తాగినందుకు కాదు, సిగ్గుపడి రావడం మానేసినందుకు. అలా జరిగితే ఆ రాత్రే డాక్టరుకి కూడా తెలియాలి, మందుల మీద తాగడం ప్రమాదం. చెల్లెలితో ఇప్పుడే మాట అనుకోండి, ఏ నంబరుకి ముందు ఫోన్ చేయాలో కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి.

సెలవు అయ్యాక స్కూలుకి వెళ్తే నోటుపుస్తకాలు ఇంటికి తేకండి, కొన్నాళ్ళు స్టాఫ్ రూమ్‌లోనే దిద్దేసి రండి. ఆ గంట మీటింగ్‌కి ఉంచండి. హాల్లో ఎదురెదురుగా కూర్చునే మీటింగ్ కూడా ఒకటి చూడండి, ఆన్‌లైన్‌లో నంబర్లు రాసిన కరపత్రం చేతికి రాదు. ఫోన్ చేసి క్లోజ్డ్‌దేనా అని కనుక్కుని, పది నిమిషాలు ముందే వెళ్ళండి.